బ్రెడ్‌బోర్డు మీద నడిచింది కదా అని అలాగే పీసీబీ వేయించకండి

ప్రశ్న: మాది కాశీబుగ్గ. పాలిటెక్నిక్‌లో ఈసీఈ చేశాను. మా మావయ్య జీడి మిల్లులో పప్పు ఆరబెట్టే కరెంటు డ్రయ్యర్‌కి నేనే ఒక కంట్రోలర్ తయారు చేశాను. ఈఎస్‌పీ32 డెవ్ బోర్డు (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్పు బోర్డు), మూడు డీఎస్18బీ20 ఉష్ణోగ్రత ప్రోబులు, 16×2 ఎల్‌సీడీ, బజరు, ఒక రిలే మాడ్యూల్ వాడాను. వేడి 70 డిగ్రీలు దాటితే రిలే కాంటాక్టర్‌ని (హీటర్ కరెంటుని కలిపి తెంచే పెద్ద స్విచ్చుని) ఆపేస్తుంది, దాంతో హీటర్ ఆగుతుంది. మూడు నెలలుగా బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) మీదే నడుస్తోంది. కానీ రోజుకు రెండు మూడుసార్లు, ఎక్కువగా కాంటాక్టర్ పడే సమయానికే, బోర్డు రీసెట్ అవుతోంది. ఒక్కోసారి ప్రోబు మైనస్ 127 అని చూపిస్తుంది, ఒక్కోసారి 85 అని. పక్క మిల్లుల వాళ్లు ఇద్దరు తమకూ చేసిపెట్టమంటున్నారు. పీసీబీ (రాగి గీతలు అచ్చు వేసిన సర్క్యూటు బోర్డు) వేయిస్తే ఈ బాధలు పోతాయా? 230 వోల్టుల సప్లై కూడా అదే బోర్డు మీద పెట్టేయొచ్చా? ఇంటి దగ్గరే ఎచింగ్ (రాగి రేకుని రసాయనంతో కరిగించి గీతలు తేల్చడం) చేసుకోనా, బయట వేయించనా?

జవాబు: కొన్ని పోతాయి, కొన్ని పోవు. పోనివాటిని ముందు తేల్చుకోకుండా ఆర్డర్ పెడితే, ఇప్పుడు ఒక్క మిల్లులో ఉన్న తప్పు రేపు మూడు మిల్లుల్లో ఉంటుంది, అదీ తీయడానికి వీల్లేకుండా రాగి గీతల్లో. అందుకని బోర్డు సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు మీ మూడు లక్షణాలు చూద్దాం.

మైనస్ 127 అనేది ఉష్ణోగ్రత కాదు. ప్రోబు బదులు పలకనప్పుడు లైబ్రరీ ఇచ్చే అంకె అది. బ్రెడ్‌బోర్డు లోపలి స్ప్రింగు క్లిప్పులు మూడు నెలలకి వదులవుతాయి, పైగా డ్రయ్యర్ బ్లోయరు అదురు ఉండనే ఉంది. ఈ ఒక్కటి మాత్రం టంకం పడితే చాలావరకు పోతుంది. 85 వేరు. డీఎస్18బీ20కి కరెంటు అందగానే అందులో ఉండే మొదటి విలువ సరిగ్గా 85. అంటే ప్రోబుకి సప్లై ఒక్క క్షణం పోయి వచ్చిందన్న మాట, లేదా 12 బిట్ల కొలతకి పట్టే 750 మిల్లీసెకన్లు ఆగకుండా మీ ప్రోగ్రాము చదివేసింది. మీ పనిలో ఇది మామూలు విసుగు కాదు. 70 డిగ్రీల డ్రయ్యర్‌లో 85 అనేది నమ్మదగ్గ అంకెలాగే కనిపిస్తుంది, హీటర్ ఊరికే ఆగిపోతుంది. ముందు చదివింది 69 ఉండి, రెండు సెకన్లలో కచ్చితంగా 85.0 వచ్చిందంటే దాన్ని పారేసి మళ్లీ చదవమని ప్రోగ్రాములో రాయండి. మైనస్ 127 వరుసగా ఐదుసార్లు వస్తే మాత్రం హీటర్ ఆపి బజరు మోగించండి. ప్రోబు కనెక్షను ఊడిపోతే వేడి 70 దాటినా హీటర్ ఆగదు కదా.

ఇక రీసెట్. ఒక పూట ల్యాప్‌టాప్ తగిలించి సీరియల్ మానిటర్ తెరిచి ఉంచండి. రీసెట్ అయినప్పుడు ‘బ్రౌన్‌అవుట్ డిటెక్టర్’ అన్న మాట కనిపిస్తే సప్లై కుంగుతోందని అర్థం. వైఫై ప్రసారం చేసే క్షణాల్లో ఈఎస్‌పీ32 దాదాపు 240 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. సన్నటి జంపర్ వైర్లు, వదులైన క్లిప్పులు దాన్ని మోయలేవు. ఆ మాట లేకుండా ‘పవర్‌ఆన్ రీసెట్’ అని వస్తుంటే, కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు తెగినప్పుడు పుట్టే నిప్పురవ్వ తాలూకు నాయిస్ చిప్పుని రీసెట్ చేసే ఈఎన్ పిన్ దాకా వస్తోందేమో అనుమానించాలి. దీన్ని పీసీబీ తగ్గిస్తుంది గానీ పోగొట్టదు. మందు కాంటాక్టర్ దగ్గరే వేయాలి: 100 ఓంల ఒక వాట్ రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ 275 వోల్టుల ఎక్స్2 రకం (మెయిన్స్ మీద వాడేందుకు చేసిన) కెపాసిటరు వరసగా కలిపి, కాయిల్ రెండు కొసల మధ్య, అంటే ఏ1, ఏ2 మధ్య. ఈ జోడీనే స్నబ్బరు అంటారు, రెడీమేడ్‌ది దొరికితే అదే పెట్టండి. మామూలు కెపాసిటరు పెట్టకండి, అది షార్టయితే మంట. డయోడు పెడితే చాలని కొందరు చెబుతారు. అది డీసీ కాయిల్‌కి. 230 వోల్టుల ఏసీ కాయిల్ మీద 1ఎన్4007 పెడితే సగం సైకిల్‌లో షార్టు అవుతుంది. ఈ పని మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ని పక్కన పెట్టుకుని చేయండి.

స్నబ్బరు పెట్టి, 5 వోల్టుల దగ్గర 470 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటరు ఒకటి గుచ్చి, వారం రోజులు బ్రెడ్‌బోర్డు మీదే నడపండి. రీసెట్లు ఆగాయంటే బోర్డు వేయడానికి మీకు అర్హత వచ్చినట్టే.

230 వోల్టుల ప్రశ్నకి: మొదటి బోర్డు మీద వద్దు. హెచ్‌ఎల్‌కే-పీఎం01 లాంటి చిన్న సప్లై మాడ్యూల్ పెట్టేస్తే అడాప్టర్ బెడద ఉండదని అనిపిస్తుంది, నిజమే. కానీ మెయిన్స్ గీతలకీ 5 వోల్టుల గీతలకీ మధ్య 8 మి.మీ. ఖాళీ ఉండాలి, రిలే కింద బోర్డు కోసి గాడి పెట్టాలి, ఫ్యూజు, ఎంఓవీ (వోల్టేజి ఎగబాకితే అడ్డుకునే ముక్క) కావాలి. అన్నిటికంటే ముఖ్యం, చెమట చేతులతో మిల్లులో ఎవరో ఒకరు ఆ పెట్టె మూత తీస్తారు. మంచి 5 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ వాడండి. రిలే మాడ్యూల్‌నీ కాంటాక్టర్‌నీ వేరే పెట్టెలో ఉంచండి. మీ బోర్డు నుంచి అక్కడికి మూడే వైర్లు వెళ్లాలి: 5 వోల్టులు, గ్రౌండు, ఇన్‌పుట్. ఇంకొకటి, అడక్కపోయినా చెబుతున్నాం. ప్రోగ్రాము ఇరుక్కుపోయినా, రిలే కాంటాక్టులు అతుక్కుపోయినా హీటర్‌ని ఆపేది మరొకటి ఉండాలి. 90 డిగ్రీలకి తెగే కేఎస్‌డీ301 థర్మోస్టాటు, నార్మల్లీ క్లోజ్డ్ (మామూలుగా కలిసి ఉండే) రకం, డ్రయ్యర్ లోపల బిగించి కాంటాక్టర్ కాయిల్ వైరుకి సిరీస్‌లో పెట్టండి. రిలేయే అతుక్కుపోయినా కాయిల్‌కి కరెంటు తెగి హీటర్ ఆగుతుంది. కాంటాక్టర్ సొంత కాంటాక్టులే అతుక్కుంటే దీని వల్ల కాదు, అందుకే చేత్తో ఆపడానికి పైన ఎంసీబీ తప్పదు. పదుల రూపాయల సరుకు. ఇది పెట్టకుండా పక్క మిల్లులకి చేసివ్వకండి.

ఇప్పుడు సర్క్యూటు. బ్రెడ్‌బోర్డు మీద పొరపాటున నడిచినవి కొన్ని ఉంటాయి, వాటిని కాగితం మీదే పట్టుకోవాలి. మీ ఎల్‌సీడీ వెనకాల ఉన్న ఐ2సీ ముక్క (రెండే సిగ్నల్ గీతలతో ఎల్‌సీడీని నడిపేది) 5 వోల్టులతో నడుస్తుంది. దాని మీది పుల్‌అప్ రెసిస్టర్లు (గీతని సప్లై వైపు లాగి హైగా ఉంచేవి) ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ అనే ఆ రెండు గీతల్ని 5 వోల్టులకి లాగుతాయి. ఈఎస్‌పీ32 పిన్నులు 3.3 వోల్టులవి. మూడు నెలలు నడిచిందంటే అదృష్టం, డిజైను కాదు. మధ్యలో బీఎస్ఎస్138 వాడిన లెవెల్ షిఫ్టర్ మాడ్యూల్‌కి (5 వోల్టుల, 3.3 వోల్టుల సిగ్నళ్లని కలిపేదానికి) చోటివ్వండి. పిన్నుల ఎంపిక కూడా ఇప్పుడే సరిచేసుకోండి. 0, 2, 5, 12, 15 పిన్నుల్ని బోర్డు లేచేటప్పుడు చిప్పు చూసుకుంటుంది. 12వ పిన్ను ఆ క్షణంలో హైగా ఉంటే ఫ్లాష్ వోల్టేజి తప్పుగా ఎంచుకుని అసలు లేవదు. 6 నుంచి 11 వరకు లోపలి ఫ్లాష్‌వి, ముట్టకూడదు. 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్‌కే, వాటికి లోపల పుల్‌అప్ ఉండదు. మీకు సరిపడే జాబితా ఇది: ఎల్‌సీడీకి 21, 22. ప్రోబులకి 4. రిలేకి 26. బజరుకి 25. బటన్లు కావాలంటే 32, 33. మిగిలిన 27, 18, 19 పిన్నుల్ని ఊరికే ఒక హెడ్డరుకి తెచ్చి వదిలేయండి. ఫ్యాను వేగమో, తేమ సెన్సరో రేపు అడుగుతారు.

రిలే మాడ్యూల్ ఇన్‌పుట్‌ని పిన్నుతో నేరుగా నడపకండి. ఆ మాడ్యూల్స్ చాలావరకు ఇన్‌పుట్‌ని ‘లో’ (0 వోల్టులు) చేస్తే పనిచేసే రకం, సప్లై 5 వోల్టులు, మీ పిన్ను హై అంటే 3.3 మాత్రమే. అటూ ఇటూ కాని స్థితి. మధ్యలో బీసీ337 ట్రాన్సిస్టరు పెట్టి, బేసుకి 1 కె (కిలో ఓం) రెసిస్టరు, బేసు నుంచి గ్రౌండుకి 10 కె పెట్టండి. బోర్డు లేచేటప్పుడు పిన్ను ఎటూ కాకుండా ఊగే క్షణంలో ఆ 10 కె రిలేని పడుకోబెడుతుంది. ప్రోగ్రాములో తర్కం తిరగబడుతుందని గుర్తుంచుకోండి: ఇప్పుడు హై అంటే రిలే ఆన్. ఇక్కడే ఒక గుంట ఉంది. చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి చూస్తే బీసీ337, బీసీ547 ఎడమ నుంచి కలెక్టరు, బేసు, ఎమిటరు. పీఎన్2222ఏ దానికి తిరగబడి ఎమిటరు, బేసు, కలెక్టరు. అదే పీ2ఎన్2222ఏ అన్న పేరుతో వచ్చేది మళ్లీ కలెక్టరు, బేసు, ఎమిటరు! కొట్టువాడు ‘రెండూ ఒకటే’ అంటాడు. బ్రెడ్‌బోర్డులో అయితే తిప్పి గుచ్చుతారు, పీసీబీలో కాళ్లు మెలిపెట్టాలి. ఏ ముక్క వాడతారో అది చేతికొచ్చాకే దాని ఫుట్‌ప్రింటు (బోర్డు మీద కాళ్ల రంధ్రాల అమరిక) ఎంచుకోండి.

ప్రోబులకి 4.7 కె పుల్‌అప్ ఒక్కటే, 3.3 వోల్టులకి. మూడింటికీ మూడు పెట్టేవాళ్లున్నారు, అప్పుడు అవి కలిసి సుమారు 1.6 కె అయిపోతాయి. బోర్డు దగ్గరి నుంచి మూడు దిక్కులకి మూడు పొడుగు వైర్లు లాగకుండా, ఒకే వైరు లాగి దారిలో ఒక్కో ప్రోబుని కలుపుకుంటూ వెళ్తే సిగ్నలు చెదరదు. మొత్తం పొడవు 10 మీటర్లు దాటితే 4.7 కె బదులు 2.2 కె వేసి చూడండి. ప్రోబు 125 డిగ్రీల దాకా కొలుస్తుందని దాని నల్ల పీవీసీ వైరు కూడా అంత వేడికి ఆగుతుందనుకోకండి. వైరు హీటర్ కాయిల్‌కి ఆనకుండా చూడండి. హీటర్ వైరుతో కలిపి కట్టేయకండి.

బోర్డు గీయడానికి కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేరు చాలు, ఉచితం, ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి. ముందు స్కిమాటిక్ (సర్క్యూటు పటం) గీయండి, తర్వాత ఈఆర్‌సీ (కనెక్షన్ల తనిఖీ) నడపండి. ‘పవర్ ఇన్‌పుట్‌ని ఎవరూ నడపడం లేదు’ అన్న అర్థంతో ఎర్రర్ వస్తుంది, అందరికీ వస్తుంది. అడాప్టర్ కనెక్టరు నుంచి 5 వోల్టులు వస్తున్నాయని సాఫ్ట్‌వేరుకి తెలియదు కాబట్టి ఆ గీత మీదా గ్రౌండు మీదా పవర్ ఫ్లాగ్ గుర్తు పెట్టాలి. మిగతా ఎర్రర్లని మాత్రం ‘ఏం కాదులే’ అని వదలకండి.

ఈఎస్‌పీ32 వట్టి మాడ్యూల్‌ని బోర్డు మీద అతికించాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది, చూడ్డానికి అందంగా ఉంటుంది. మొదటి బోర్డుకి వద్దు. ఇప్పుడున్న డెవ్ బోర్డునే ఫిమేల్ హెడ్డర్లలో గుచ్చేలా వేయండి. యూఎస్‌బీ, 3.3 వోల్టుల రెగ్యులేటరు, రీసెట్ బటను అన్నీ దాని మీదే ఉన్నాయి. కాలిపోతే పీకి ఇంకోటి పెడతారు. మావయ్య మిల్లులో పప్పు డ్రయ్యర్‌లో ఉండగా బోర్డు పోతే అరగంటలో మార్చగలగాలి కదా. కానీ డెవ్ బోర్డుల కొలతలు ఒక్కటి కావు. 30 పిన్నులవి ఉన్నాయి, 38 పిన్నులవి ఉన్నాయి, రెండు వరసల మధ్య దూరం కొన్నిటికి 22.86 మి.మీ., కొన్నిటికి 25.4. పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి కాలిపర్‌తో కొలిచి వేయండి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫుట్‌ప్రింటుని నమ్మకండి. యాంటెన్నా ఉన్న కొస పీసీబీ అంచు దాటి బయటికి ఉండేలా పెట్టండి, కుదరకపోతే దాని కింద రెండు వైపులా రాగి లేకుండా చేయండి. ఇనప పెట్టెలో పెడితే వైఫై సంగతి మర్చిపోండి. ప్లాస్టిక్ పెట్టె వాడండి.

రౌటింగ్ గురించి పుస్తకాలకి పుస్తకాలే ఉన్నాయి గానీ ఈ బోర్డుకి పెద్ద విద్య అక్కర్లేదు. రెండు పొరలు, కింద పొర అంతా గ్రౌండు. సిగ్నల్ గీతలు 0.4 మి.మీ., 5 వోల్టుల గీత 1.5 మి.మీ., గీతల మధ్య ఎడం 0.3. మామూలు 35 మైక్రాన్ల రాగి మీద 1 మి.మీ. గీత 2 ఆంపియర్ల దాకా పెద్దగా వేడెక్కకుండా మోస్తుంది కాబట్టి ఇది ధారాళమే. కింద పొరలో సిగ్నల్ గీత తప్పనిసరైతే పొట్టిగా ఉంచండి. గ్రౌండుని కత్తితో కోసినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి లాగకండి. సప్లై దారిలో 1ఎన్5822 షాట్కీ డయోడు పెట్టండి. అడాప్టర్ ప్లగ్గు తిరగబడినా ఏమీ కాలదు, ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు యూఎస్‌బీ కరెంటు అడాప్టర్‌లోకి వెనక్కి పోదు. దాని కాళ్లు లావు, 1.3 మి.మీ. దాకా ఉంటాయి, కాబట్టి రంధ్రం 1.6 ఇవ్వండి. స్క్రూ టెర్మినళ్లకి 1.3, మామూలు రెసిస్టర్లకి 0.9 చాలు. రంధ్రం చిన్నదైతే డ్రిల్లు పెట్టి పెద్దది చేద్దాం అనుకుంటారు. రెండు పొరల బోర్డులో రంధ్రం లోపలి గోడకి పూసిన రాగే రెండు పొరల్నీ కలుపుతుంది. డ్రిల్లు పెడితే అది ఊడిపోతుంది, కనెక్షను పోతుంది, పైకి మాత్రం అంతా బాగానే కనిపిస్తుంది. మూలల్లో నాలుగు 3.2 మి.మీ. రంధ్రాలు ఎం3 స్క్రూలకి. సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీది అక్షరాల ముద్ర) మీద ప్రతి టెర్మినల్ పక్కనా అది ఏమిటో రాయండి: 5 వోల్టులు, గ్రౌండు, డేటా. తేదీ, వెర్షన్ నంబరు కూడా.

డీఆర్‌సీ (బోర్డు మీది గీతల, ఎడాల తనిఖీ) సున్నా ఎర్రర్లు చూపించాక కూడా ఆర్డర్ పెట్టకండి. కీక్యాడ్‌లోంచి బోర్డుని 1:1 కొలతలో పీడీఎఫ్ తీసి, జిరాక్సు షాపులో ప్రింటు తీయించండి. అక్కడ ‘ఫిట్ టు పేజ్’ అన్న టిక్కు ఉంటుంది, దగ్గరుండి తీయించి 100 శాతం అని పెట్టించండి. 80 మి.మీ. అనుకున్న అంచు స్కేలుతో కొలిస్తే 80 ఉండాలి, 77 వస్తే మళ్లీ తీయించండి. ఆ కాగితాన్ని థర్మోకోల్ ముక్క మీద అంటించి అసలు విడిభాగాల్ని గుచ్చండి. డెవ్ బోర్డు రెండు వరసలూ చుక్కల్లో దిగుతున్నాయా? స్క్రూ టెర్మినల్ నోరు బోర్డు బయటికి తిరిగిందా, లోపలికా? యూఎస్‌బీ కేబులు గుచ్చడానికి కెపాసిటరు అడ్డొస్తోందా? పెట్టె మూత పడుతుందా? పది రూపాయల లోపు ఖర్చుతో బయటపడే తప్పులు ఇవన్నీ, బోర్డు వచ్చాక అయితే పది రోజులు.

ఎచింగ్ ఇంట్లో చేసుకోవచ్చు. ఫెర్రిక్ క్లోరైడు, టోనర్ ప్రింటు, ఇస్త్రీపెట్టె, అదంతా నేర్చుకోవడానికి సరదా. కానీ రంధ్రాల లోపల రాగి రాదు, సోల్డర్ మాస్కు (రాగిని కప్పే రంగు పూత) ఉండదు, సముద్రపు గాలి తగిలే మన వైపు వట్టి రాగి ఒక వానాకాలానికే పచ్చబడుతుంది. మావయ్యకి ఒక్కటే అయితే జీరో పీసీబీ (వరసగా రంధ్రాలున్న రెడీమేడ్ బోర్డు) మీద టంకం పెట్టుకున్నా సరిపోయేది. మూడు కావాలి కాబట్టి ఫ్యాక్టరీలో వేయించడమే చవక. 100×100 మి.మీ. లోపల ఉంచితే అన్నిటికంటే తక్కువ ధర పడుతుంది, మామూలుగా 5 బోర్డులకి తక్కువ ఇవ్వరు. ఎఫ్ఆర్4 (గాజు నార బోర్డు), 1.6 మి.మీ. మందం, రెండు పొరలు, 1 ఔన్స్ రాగి, హెచ్‌ఏఎస్ఎల్ (టంకం) పూత అని ఎంచుకోండి. చైనా నుంచి తెప్పిస్తే బోర్డు కంటే కొరియరు, కస్టమ్సు ఎక్కువవుతాయి, మొత్తం కలుపుకుని మన దేశంలో వేసేవాళ్ల ధరతో పోల్చండి. పంపేముందు గ్రౌండు నింపుడు తాజా అవడానికి ‘బి’ మీట నొక్కి, గెర్బర్ ఫైళ్లూ (ఫ్యాక్టరీకి పంపే పొరల బొమ్మలు) డ్రిల్ ఫైలూ (రంధ్రాల జాబితా) రెండూ తీసి, గెర్బర్ వ్యూయరులో తెరిచి చూడండి. డ్రిల్ ఫైలు మర్చిపోయి పంపేవాళ్లు తక్కువేం కాదు.

బోర్డులు వచ్చాక ఐదూ ఒకేసారి కట్టకండి, ఒక్కటే. పొట్టివి ముందు: రెసిస్టర్లు, డయోడు, తర్వాత ట్రాన్సిస్టరు, హెడ్డర్లు, చివరికి టెర్మినళ్లు, 470 మైక్రోఫారడ్ కెపాసిటరు. 60/40 టంకం తీగ 0.8 మి.మీ.ది, ఐరను 350 డిగ్రీల దగ్గర. గ్రౌండుకి కలిసే కాళ్లు ఆలస్యంగా వేడెక్కుతాయి, ఎందుకంటే వేడిని ఆ పెద్ద రాగి పొర లాగేస్తుంది. ఫుట్‌ప్రింట్లలో ‘థర్మల్ రిలీఫ్’ (కాలిని రాగి పొరతో సన్నటి గీతలతోనే కలపడం) ఉంచితే ఆ బాధ తగ్గుతుంది. డెవ్ బోర్డు గుచ్చకముందే మల్టీమీటరుతో 5 వోల్టులకీ గ్రౌండుకీ మధ్య చూడండి. ఒక్క క్షణం బీప్ వచ్చి ఆగితే అది కెపాసిటరు నిండటం, ఆగకుండా మోగితే షార్టు. తర్వాత అడాప్టర్ పెట్టి డెవ్ బోర్డు సాకెట్ 5 వోల్టుల రంధ్రంలో కొలవండి, డయోడు కాస్త తినేసి 4.6కీ 4.9కీ మధ్య వస్తుంది. అప్పుడు గుచ్చండి.

అది రెండు వారాలు మిల్లులో నడిచాకే మిగతా రెండు కట్టండి. ఫ్లక్సు మరకల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బ్రష్షు పెట్టి కడిగి, బాగా ఆరాక అక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగు (తేమ నుంచి కాపాడే పూత) స్ప్రే చేయండి. ముందు టెర్మినళ్లకీ హెడ్డర్లకీ టేపు వేయాలి, లేకపోతే స్క్రూ బిగించినా కనెక్షను దొరకదు. పెట్టెని పిక్కలు ఉడికించే చోటికి దూరంగా, డ్రయ్యర్ గోడకి కాకుండా ఎదురు గోడకి బిగించండి. పిక్క ఉడికే ఆవిరికీ జీడి నూనెకీ రాగి పొసగదు.

ప్రతి డీఎస్18బీ20కీ ఫ్యాక్టరీలోనే పడిన సొంత 64 బిట్ల నంబరు ఉంటుంది. పై అర, మధ్య అర, కింది అర ప్రోబులది ఏ నంబరో కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అంటించండి. కింది అర ప్రోబు పోయి కొత్తది పెట్టినప్పుడు ప్రోగ్రాములో మార్చాల్సిన నంబరు అదే.